నర్సు వృత్తి పరిధి: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ

రోగికి చేసే వైద్య పనుల్లో నర్సు సొంత నిర్ణయంతో చేయగలిగినవి కొన్ని, డాక్టరు రాసిస్తేనే చేయవలసినవి కొన్ని, ఎవరు చెప్పినా చేయకూడనివి కొన్ని ఉంటాయి. వాటిని వేరుచేసే హద్దులనే నర్సు వృత్తి పరిధి అంటారు. మన దేశంలో ఈ హద్దులన్నిటినీ ఒకచోట రాసిన చట్టం లేదు. నర్సింగ్ కౌన్సిల్ పాఠ్యప్రణాళికలో కొంత, మందుల చట్టంలో కొంత, గర్భస్రావ చట్టంలో కొంత, కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాల్లో మరికొంత, మిగిలింది ఆసుపత్రి సొంత నియమాల్లో ఉంటుంది. ఆసుపత్రి నియమాలు రాసుకోకపోతే ఆ మిగిలిన భాగం నైట్ డ్యూటీ నర్సు భుజాల మీదే పడుతుంది. హైదరాబాద్ కార్పొరేట్ ఆసుపత్రుల్లో వార్డుకొక డ్యూటీ డాక్టరు ఉంటాడు కనుక ఈ లోటు అంతగా పైకి కనిపించదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వంటి పట్టణాల్లో రోజూ కనిపిస్తుంది.

మూడు ఊళ్లు, వాటి ఆసుపత్రులు

ఈ మూడూ పాత నల్లగొండ జిల్లా పట్టణాలు. 2016 అక్టోబర్ 11న జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు సూర్యాపేట వేరే జిల్లా అయింది, కోదాడ అందులో చేరింది. మిర్యాలగూడ నల్లగొండ జిల్లాలోనే ఉండిపోయింది. సూర్యాపేట, కోదాడ రెండూ హైదరాబాద్-విజయవాడ 65వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్నాయి కాబట్టి ప్రమాదాల్లో దెబ్బలు తగిలినవాళ్లు రాత్రీ పగలూ వస్తూనే ఉంటారు. కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కల నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద వరి సాగు విస్తారం. మిర్యాలగూడకు రైస్ మిల్లుల ఊరని పేరు. పొలాల్లో పాముకాట్లు, పురుగుల మందు తాగిన కేసులు, మిల్లుల్లో చేతులు నలిగిన కేసులు ఇక్కడి క్యాజువాలిటీలకు నిత్యం వచ్చేవే.

ఊరు మారితే నర్సు పని వాతావరణమూ మారుతుంది. సూర్యాపేటలో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలవడంతో అక్కడి జిల్లా ఆసుపత్రి బోధనాసుపత్రిగా మారి వైద్య విద్య సంచాలకుల కిందికి వచ్చింది. అక్కడ ప్రొఫెసర్లు, హౌస్ సర్జన్లు ఉంటారు. కోదాడ, మిర్యాలగూడల్లోనివి తెలంగాణ వైద్య విధాన పరిషత్తు కింద ఎదిగిన ఆసుపత్రులు. స్పెషలిస్టులు ఉన్నా రాత్రిపూట ఒక్క డ్యూటీ డాక్టరే క్యాజువాలిటీకీ, వార్డులకూ, కాన్పు గదికీ పరుగెత్తవలసి వస్తుంది. చుట్టుపక్కల మండలాల ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, ఉపకేంద్రాలు ప్రజారోగ్య సంచాలకుల కింద ఉంటాయి. ఒకే చదువు చదివి, ఒకే కౌన్సిల్‌లో నమోదైన ఇద్దరు నర్సుల్లో ఒకరు సూర్యాపేట ఐసీయూలో, మరొకరు ఏదో మండల కేంద్రంలోని ఆరోగ్య కేంద్రంలో ఉంటే, వాళ్లు చేయదగిన పనులు ఒకటి కావు. చదువు ఒకటే అయినా పక్కన ఉన్న డాక్టరు, పరికరాలు, ఆపదలో అందే సాయం వేరు. పరిధిని తేల్చేటప్పుడు అన్నిటికంటే ఎక్కువగా మరిచిపోయేది ఈ విషయాన్నే.

చదువు, రిజిస్ట్రేషన్

నర్సు పరిధికి పునాది ఆమె చదువు. ఏఎన్ఎం (ఆగ్జిలరీ నర్స్ మిడ్‌వైఫ్) కోర్సు రెండేళ్లు, జీఎన్ఎం (జనరల్ నర్సింగ్, మిడ్‌వైఫరీ) మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. జీఎన్ఎం, బీఎస్సీ పూర్తిచేసినవారు నర్సుగానూ, మంత్రసానిగానూ రెండు రకాలుగా రిజిస్టరవుతారు. ఏఎన్ఎం నమోదు వేరు, పని కూడా వేరు. ఆమెను తయారుచేసింది గ్రామంలో తల్లీబిడ్డల సంరక్షణ కోసం, టీకాల కోసం. ఇంటర్మీడియట్ ఒకేషనల్‌లో మల్టీపర్పస్ హెల్త్ వర్కర్ కోర్సు చదివి ఆ దారిలో వచ్చేవారూ ఉన్నారు. తెలంగాణ ప్రభుత్వం 2023లో స్టాఫ్ నర్సు హోదాను నర్సింగ్ ఆఫీసర్‌గా మార్చింది. రోగులకు మాత్రం అందరూ సిస్టర్లే. తెల్ల యూనిఫాం వేసుకుని సూది పట్టుకుని వచ్చిన మనిషి ఏం చదివిందో అడిగే అలవాటు మన రోగులకు లేదు, అడగాలని చెప్పేవాళ్లూ లేరు.

ఈ వృత్తికి దక్షిణ భారతంలో చట్టరూపం కొత్తదేమీ కాదు. 1926లోనే మద్రాసు నర్సులు, మంత్రసానుల చట్టం వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే, 1947లో, భారత నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చింది. ఆ కౌన్సిల్ దేశమంతటికీ చదువు ప్రమాణాలు నిర్ణయిస్తుంది, రాష్ట్ర కౌన్సిళ్లు పేర్లు నమోదు చేసుకుంటాయి. ఈ ఏర్పాటు స్థానంలో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్‌ను నెలకొల్పేందుకు పార్లమెంటు 2023లో కొత్త చట్టం చేసింది. నైతికత, రిజిస్ట్రేషన్ల కోసం అందులో ప్రత్యేక బోర్డు ఉంది. ఏ చదువుకు ఏ పని అన్న వివరమైన పట్టికను దేశవ్యాప్తంగా తేవడానికి ఇంతకంటే మంచి సందర్భం దొరకదు.

చట్టం గట్టిగా గీసిన గీతలు

కొన్ని హద్దుల విషయంలో చర్చకు తావే లేదు. గర్భస్రావం చేసే అధికారం 1971 నాటి చట్టం ప్రకారం నిర్దేశించిన శిక్షణ, అనుభవం ఉన్న వైద్యులకే ఉంది. నర్సులను, ఏఎన్ఎంలను కూడా తొలివారాల గర్భస్రావానికి అనుమతించాలని 2014 ముసాయిదా ప్రతిపాదించినా, 2021లో చేసిన సవరణలో ఆ మాటకు చోటు దక్కలేదు. షెడ్యూల్ హెచ్ మందులు రిజిస్టరైన వైద్యుడి చీటీ మీదే అమ్మాలి. ఆ చీటీ రాతపూర్వకంగా ఉండాలి, సంతకం, తేదీ ఉండాలి. నర్సు చీటీకి ఆ విలువ లేదు. మరణాన్ని నిర్ధారించి కారణం రాసి ఇవ్వడం, మెడికో లీగల్ కేసులో గాయాల ధ్రువపత్రం ఇవ్వడం, ఆపరేషన్ గురించి రోగికి వివరించి అనుమతి తీసుకోవడం కూడా డాక్టరు పనులే. అనుమతి పత్రం మీద నర్సు సాక్షి సంతకం పెట్టవచ్చు. ఆపరేషన్‌లో వచ్చే ప్రమాదాలు చెప్పి ఒప్పించే బాధ్యతను ఆమెకు అప్పగించడం మాత్రం తప్పు.

మరి ఉపకేంద్రం ఏఎన్ఎం జ్వరం బిళ్లలో, ఐరన్ మాత్రలో ఇస్తే అది నేరమవుతుందా అన్న సందేహం కొందరికి ఉంటుంది. కాదు. మందుల నియమాల్లోని షెడ్యూల్ కె, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకూ ఉపకేంద్రాలకూ అనుబంధంగా పనిచేసే నర్సులు, ఏఎన్ఎంలు, అంగన్‌వాడీ కార్యకర్తలు ఇచ్చే మందులకు అమ్మకం లైసెన్సు నుంచి మినహాయింపు ఇచ్చింది. ఆ మినహాయింపు ఉద్యోగానికి, ఆ కేంద్రానికి కట్టుబడి ఉంటుంది. అదే ఏఎన్ఎం సాయంత్రం ఇంటి దగ్గర మందుల పెట్టె తెరిస్తే ఆ రక్షణ ఉండదు.

కాన్పు గది: ఒకే మందు, రెండు వేళలు

పరిధి అనే భావన ఎంత సూక్ష్మమైనదో కాన్పు గదిలో తెలిసినంతగా మరెక్కడా తెలియదు. ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ సంగతే తీసుకుందాం. బిడ్డ పుట్టాక, కడుపులో రెండో బిడ్డ లేదని చూసుకుని, నిమిషంలోపు తల్లికి కండలోకి 10 యూనిట్లు ఇస్తే రక్తస్రావం తగ్గుతుంది. శిక్షణ పొందిన ఏఎన్ఎం దీన్ని డాక్టరు లేకుండానే ఇవ్వవచ్చని కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలు అనుమతించాయి. అనుమతించడమే కాదు, ఇవ్వకపోవడమే లోపం. అదే ఆంపూల్‌ను బిడ్డ పుట్టకముందు, నొప్పులు త్వరగా రావాలని సూదిగా వేస్తే గర్భసంచి పగిలిపోవచ్చు, బిడ్డకు ఊపిరాడకపోవచ్చు. ఆ పని ఏఎన్ఎంకు పూర్తిగా నిషిద్ధం. డాక్టరు దగ్గరుండి సెలైన్‌లో చుక్కలు లెక్కించి ఎక్కించే చికిత్స అది. ‘నొప్పుల సూది వేయండి సిస్టర్’ అని బంధువులు ఒత్తిడి చేయడం మన దగ్గర మామూలు. ఆంపూల్ మీద ఉన్న పేరు రెండు వేళల్లోనూ ఒకటే కనుక, మందు పేరునిబట్టి పరిధిని నిర్ణయించలేం. ఎప్పుడు, ఎందుకు, ఎవరి పర్యవేక్షణలో అన్న మూడూ తేలాలి.

గుర్రపువాతం వచ్చిన గర్భిణి విషయమూ ఇలాంటిదే. మూర్ఛలు వస్తుంటే ఏఎన్ఎం మెగ్నీషియం సల్ఫేట్ మొదటి మోతాదు ఇచ్చి పెద్దాసుపత్రికి పంపాలి. పిరుదుకు 5 గ్రాముల చొప్పున మొత్తం 10 గ్రాములు, లోతుగా కండలోకి. అక్కడితో ఆమె పరిధి ముగుస్తుంది. ఏరియా ఆసుపత్రి లేబర్ రూంలో డాక్టరు రాసిన తరువాతి మోతాదులు ఇచ్చేది స్టాఫ్ నర్సు. ప్రతిసారీ ఇచ్చేముందు ఆమె మోకాలి ప్రతిచర్య ఉందా, శ్వాస నిమిషానికి 16కు తగ్గకుండా ఉందా, గంటకు కనీసం 30 మిల్లీలీటర్ల మూత్రం వస్తోందా అని చూడాలి. ఇవి సరిగా లేకపోతే, డాక్టరు రాసినా సరే, మోతాదు ఆపి కబురు చేయడం ఆమె అధికారం. విరుగుడుగా కాల్షియం గ్లూకోనేట్ పక్కనే పెట్టుకోవాలి. నర్సు అంటే చెప్పింది చేసే మనిషి అనుకునేవారు ఈ ఒక్క ఉదాహరణ చూస్తే చాలు. ఇక్కడ ఇవ్వడం ఆమె పనే, ఆపడమూ ఆమె పనే.

నవజాత శిశువుకు సోకిన ఇన్ఫెక్షన్ ప్రాణాంతకమయ్యే సందర్భాల్లో, పెద్దాసుపత్రికి పంపేముందు జెంటామైసిన్ సూది వేయడానికి 2014లో ఏఎన్ఎంలను అనుమతించారు. టీకా వేశాక తీవ్ర అలర్జీ వచ్చినట్టు అనుమానం కలిగితే వయసుకు తగ్గ అడ్రినలిన్ ఒక మోతాదు కండలోకి ఇచ్చే అనుమతీ ఆ తరువాత వచ్చింది. శిక్షణ పొందిన నర్సులు, ఏఎన్ఎంలు గర్భనిరోధక లూప్ కూడా వేస్తారు. ఒక తరం కింద వీటిలో చాలావరకు ‘డాక్టరు పనులే’. పరిధి విస్తరించింది, అయితే ప్రతిసారీ ఒక రాతపూర్వక మార్గదర్శకం, ఒక శిక్షణ, ఒక మోతాదు పట్టిక దాని వెంట వచ్చాయి.

తెలంగాణ ఈ దారిలో దేశానికి ముందు నడిచింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం రాష్ట్రంలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. కానీ మొత్తం కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. ప్రైవేటు ఆసుపత్రుల్లో అది 81.5 శాతం. సాధారణ కాన్పుకు ఓపికగా పక్కన కూర్చునే మనిషి కరువవడం దీనికి ఒక కారణం. 2017లో రాష్ట్ర ప్రభుత్వం యునిసెఫ్, హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ ఫౌండేషన్‌ల తోడ్పాటుతో కరీంనగర్‌లో 30 మంది నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. మరుసటి ఏడాది, 2018 డిసెంబర్‌లో, కేంద్రం దేశమంతటికీ మిడ్‌వైఫరీ సేవల మార్గదర్శకాలు ప్రకటించి ‘నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ’ అనే హోదాను తెచ్చింది. చిక్కులు లేని గర్భిణిని నొప్పులు మొదలైనప్పటి నుంచి బిడ్డ పుట్టేదాకా చూసుకోవడం, చిక్కు కనబడగానే గుర్తించి డాక్టరుకు అప్పగించడం ఈ హోదాకు రాసిపెట్టిన పరిధి. భారతదేశంలో నర్సు పరిధిని ఇంత స్పష్టంగా కాగితం మీద పెట్టిన సందర్భాలు చాలా తక్కువ.

ఒక పనిని తేల్చే తీరు

అమెరికాలో రాష్ట్రాల నర్సింగ్ బోర్డుల జాతీయ మండలి 2016లో ఒక నిర్ణయ చట్రాన్ని విడుదల చేసింది. నర్సు తనను తాను వరుసగా కొన్ని ప్రశ్నలు వేసుకుంటుంది, ఏ ఒక్కదానికి సరైన జవాబు రాకపోయినా ఆగిపోతుంది. మన చట్టాలకు, మన పట్టణాలకు తగినట్టు ఆ ప్రశ్నలను ఇలా మలుచుకోవచ్చు. ఈ పనిని ఏదైనా చట్టం డాక్టరుకే కేటాయించిందా? నా రిజిస్ట్రేషన్ ఇచ్చిన చదువులో ఇది ఉందా, లేక ఆ తరువాత గుర్తింపు ఉన్న శిక్షణలో నేర్చుకున్నానా? నేర్చుకున్నా, చేయి ఆడుతోందా, ఎన్నేళ్ల కిందటో వదిలేసిన పనా? డాక్టరు ఉత్తర్వు కేస్ షీట్‌లో ఉందా, లేదా ఆసుపత్రి ముందే రాసి ఆమోదించిన ఉత్తర్వు (స్టాండింగ్ ఆర్డర్) ఉందా? ఈ రోగి పరిస్థితి నిలకడగా ఉందా? వికటిస్తే ఇక్కడ ఏముంది, ఎవరున్నారు, ఎన్ని నిమిషాల్లో వస్తారు?

ఇందులో చివరి ప్రశ్న మన దగ్గర ప్రాణాలు నిలిపేది. ఒక ఉదాహరణ చూద్దాం. రక్తంలో పొటాషియం తగ్గిన రోగికి పొటాషియం క్లోరైడ్ ఎక్కించమని రాశారు. సెలైన్‌లో కలిపి, వేగం లెక్కగట్టి, గుండె లయను మానిటర్ మీద చూస్తూ ఎక్కించడం ఐసీయూ నర్సు పనే. అదే మందును మానిటర్ లేని వార్డులో, ఒక్క నర్సు నలభై మందిని చూసుకునే రాత్రి ఎక్కించాల్సి వస్తే, చదువు అదే అయినా జవాబు మారుతుంది. ఇక దాన్ని పలచన చేయకుండా సిరంజితో నేరుగా నరానికి ఇవ్వడం ఏ పరిస్థితిలోనూ, ఏ ఉత్తర్వు మీదా చేయకూడని పని, ఎందుకంటే గుండె ఆగిపోతుంది. అందుకే చాలా ఆసుపత్రులు ఆ ఆంపూళ్లను వార్డు బీరువాలో ఉంచకుండా విడిగా దాస్తాయి. భారత నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం ప్రకారం సాధారణ వార్డులో ఐదుగురు రోగులకు ఒక నర్సు, బోధనాసుపత్రిలో ముగ్గురికి ఒకరు, ఐసీయూలో ఒకరికి ఒకరు ఉండాలి. ఈ లెక్క అందనిచోట నర్సు పరిధి కాగితం మీద ఎంత ఉన్నా వాస్తవంలో కుంచించుకుపోతుందని పాలకులు ఒప్పుకోవాలి.

‘చేయి ఆడటం’ అన్న ప్రశ్నను తేలిగ్గా తీసుకోకూడదు. క్యాన్యులా పెట్టడం, రైల్స్ ట్యూబు వేయడం, యూరిన్ క్యాథెటర్ పెట్టడం, ఈసీజీ తీయడం రోజూ చేసే నర్సుకు మంచినీళ్ల ప్రాయం. నాలుగేళ్లు ఓపీలో చీటీలు రాసి క్యాజువాలిటీకి బదిలీ అయిన నర్సుకు అదే పని మళ్లీ ఎవరైనా దగ్గరుండి చూపించవలసిన పని. రెండోసారి నేర్చుకోవడం చిన్నతనం కాదు.

పాముకాటు, పురుగుల మందు

సాగర్ ఆయకట్టులో పాముకాటు కేసు రాగానే నర్సు చేసే పనులు ఎన్నో. కాటు వేసిన అవయవం కదలకుండా చూడటం, గట్టిగా కట్టిన తాడును డాక్టరు సమక్షంలో జాగ్రత్తగా విప్పడం, నరానికి లైను పెట్టడం. శుభ్రమైన పొడి గాజు సీసాలో 2 మిల్లీలీటర్ల రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి గడ్డకట్టిందో లేదో చూడటమూ ఆమె పనే. కనురెప్పలు వాలుతున్నాయా, మాట ముద్దగా వస్తోందా అని గమనించి చెప్పాలి. విరుగుడు మందు ఇవ్వాలన్న నిర్ణయం మాత్రం డాక్టరుది. సాధారణంగా 10 వయల్స్‌తో మొదలవుతుంది, పిల్లలకూ పెద్దలకూ మోతాదు ఒకటే. ఆ మందు గుర్రాల నుంచి తయారవుతుంది కనుక తీవ్ర అలర్జీ రావచ్చు. అడ్రినలిన్ సిరంజిలో ఎక్కించి సిద్ధంగా ఉంచడం, మొదటి గంట మంచం పక్కనుంచి కదలకపోవడం నర్సు బాధ్యత. అలర్జీ లక్షణాలు కనబడిన క్షణాన డాక్టరు కోసం వెతకకుండా ఆమే అడ్రినలిన్ ఇచ్చేలా ముందే స్టాండింగ్ ఆర్డర్ రాసి పెట్టుకోవడం ఏ ఆసుపత్రికైనా అవసరం.

పురుగుల మందు తాగినవారికి అట్రోపిన్ ఇవ్వడంలో ఇంకో రకం ఉత్తర్వు కనబడుతుంది. ఎన్ని ఆంపూళ్లు అని ముందే చెప్పలేరు. ఊపిరితిత్తుల్లో గురగుర తగ్గేదాకా, నాడి వేగం ఫలానా స్థాయి చేరేదాకా ఇస్తూ పోవాలి. డాక్టరు లక్ష్యాన్ని, పై హద్దును రాస్తే ఆ మధ్యలో ప్రతి మోతాదునూ నిర్ణయించేది నర్సు. కంటిపాప, చెమట, నాడి, గురగుర చూసి చార్టులో గంట గంటకూ రాయాలి. లక్ష్యం రాయకుండా ‘అట్రోపిన్ చూసి ఇవ్వండి’ అని నోటితో చెబితే అది ఉత్తర్వు కాదు, తన బాధ్యతను పక్కవారి మీదికి తోయడం.

ఫోన్‌లో చెప్పిన మందు

చిన్న పట్టణాల్లో డాక్టరు ఇంటి దగ్గరో, ఇంకో నర్సింగ్ హోంలోనో ఉండి ఫోన్‌లో మందు చెప్పడం తప్పనిసరయ్యే రాత్రులు ఉంటాయి. దాన్ని పూర్తిగా మానమనడం ఆచరణ సాధ్యం కాదు. జరగవలసింది ఒక పద్ధతి. చెప్పిన మందు పేరు, మోతాదు, ఇచ్చే మార్గం నర్సు తిరిగి చదివి వినిపించాలి, వీలైతే రెండో నర్సు కూడా వినాలి, సమయంతో సహా కేస్ షీట్‌లో రాసుకోవాలి, డాక్టరు వచ్చి నిర్ణీత గంటల్లోగా సంతకం చేయాలి. పేర్లు దగ్గరగా ఉండే మందులైతే అక్షరం అక్షరం అడగాలి. అడిగినందుకు విసుక్కునే డాక్టరు దగ్గర పనిచేసే నర్సు అడగడం మానేస్తుంది, ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

మందు మారితే ఏమవుతుందో ఢిల్లీలోని స్ప్రింగ్ మెడోస్ ఆసుపత్రి కేసు చూపించింది. టైఫాయిడ్‌తో చేరిన బాలుడికి రాసింది ఒక యాంటీబయాటిక్, నర్సు నరానికి ఇచ్చింది క్లోరోక్విన్. బాబు గుండె ఆగింది, మెదడు శాశ్వతంగా దెబ్బతింది. ఆమె ఏ రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లోనూ రిజిస్టరు కాలేదని విచారణలో తేలింది. బాలుడికి 12.5 లక్షలు, తల్లిదండ్రులకు 5 లక్షల పరిహారాన్ని సుప్రీంకోర్టు 1998లో ఖాయం చేస్తూ ఆసుపత్రిదే బాధ్యత అని తేల్చింది. అర్హత లేని మనిషిని పనిలో పెట్టుకున్న యాజమాన్యం ఆమె వెనక దాక్కోలేదని ఈ తీర్పు చెప్పినట్టయింది.

పరిహారం ఆసుపత్రి కట్టినా నేర బాధ్యత మాత్రం వ్యక్తిదే. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ నర్సులందరూ తెలుసుకోవలసింది. నిర్లక్ష్యం వల్ల మరణం సంభవిస్తే ఐదేళ్ల దాకా జైలు శిక్ష. చికిత్స చేస్తూ ఆ నేరానికి పాల్పడినవాడు రిజిస్టరైన వైద్యుడైతే గరిష్ఠం రెండేళ్లే. ఆ వైద్యుడి నిర్వచనంలో నర్సు లేదు. పాత శిక్షాస్మృతిలో ఇద్దరికీ ఒకటే రెండేళ్లు. అంటే ఒకే మంచం దగ్గర, ఒకే పొరపాటులో, నోటితో చెప్పినవారికంటే చేతితో ఇచ్చినవారికి చట్టం ఎక్కువ శిక్ష చూపిస్తోంది. ఇది అన్యాయం. సవరించే వరకు నర్సును కాపాడేది ఆమె రాసుకున్న రికార్డే.

ప్రైవేటు నర్సింగ్ హోంలు

మూడు పట్టణాల్లోనూ బస్టాండ్ల చుట్టూ, ప్రధాన రోడ్ల వెంట ప్రైవేటు నర్సింగ్ హోంలు ఉన్నాయి. చాలావాటిలో ఒకరిద్దరు జీఎన్ఎంలు, మిగతావారు ఏఎన్ఎం చదివినవారో, పనిలో చేరాక సూది వేయడం నేర్చుకున్నవారో ఉండటం చిన్న పట్టణాల్లో తరచూ కనిపించేదే. జీతం తక్కువ కావడం దీనికి ముఖ్య కారణం. భారత శిక్షిత నర్సుల సంఘం వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2016 జనవరిలో ఇచ్చిన ఆదేశం మేరకు ఏర్పడిన కేంద్ర కమిటీ, 50 పడకల లోపు ఆసుపత్రిలోనూ నర్సుకు నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదని సిఫారసు చేసింది. ఆ మాట అమలు కాని చోట చదువుకున్న నర్సు హైదరాబాద్‌కో విదేశానికో వెళ్లిపోతుంది. ఆమె చేయవలసిన పని శిక్షణ లేని అమ్మాయి చేతికి వస్తుంది.

థియేటర్‌లో మత్తు యంత్రం దగ్గర నిలబడటం, కుట్లు వేయడం, ప్లాస్టర్ కట్టడం, డాక్టరు లేనప్పుడు కొత్త రోగికి మందులు రాయడం వంటి పనులు ఇలాంటి చోట్ల క్రమంగా నర్సు మీదికి జారుతాయి. ఒకరోజు అత్యవసరంగా చేసింది మరుసటి నెలకు అలవాటుగా మారుతుంది. చేసేవాళ్లకు చేయి తిరిగినందున ఎవరికీ తప్పు అనిపించదు. ఇందుకు మందు పెద్దదేమీ కాదు. ఆసుపత్రి ఒక పట్టిక రాసుకోవాలి. ఏ చదువు ఉన్నవారు ఏ పని చేస్తారు, ఏది దగ్గరుండి చేయించాలి, ఏది చేయకూడదు అని అందులో ఉండాలి. దాన్ని తెలుగులో రాసి నర్సుల గదిలో అతికించాలి. జిల్లా వైద్యాధికారులు క్లినిక్‌లను తనిఖీ చేసేటప్పుడు అగ్నిమాపక పత్రం అడిగినట్టే ఈ పట్టికనూ అడగవచ్చు.

కిందికి అప్పగించడంలోనూ హద్దు ఉంది. రోగిని పక్కకు తిప్పడం, స్నానం చేయించడం, మూత్రం సంచి ఖాళీ చేయడం ఆయమ్మకు అప్పగించవచ్చు. రోగి పరిస్థితిని అంచనా వేయడం, మందు ఇవ్వడం, రక్తం ఎక్కించేముందు సంచి మీది వివరాలు ఇద్దరు కలిసి సరిచూడటం అప్పగించే పనులు కావు. అప్పగించాక ఫలితం చూసుకునే బాధ్యత నర్సుదే.

పల్లె దవాఖానా

ఉపకేంద్రాల్లో మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్ అనే కొత్త పాత్ర వచ్చాక హద్దు మళ్లీ కదిలింది. 2018లో ఆయుష్మాన్ భారత్‌తో మొదలైన ఈ పథకంలో, ఆరు నెలల బ్రిడ్జి కోర్సు చేసిన నర్సు ఉపకేంద్రాన్ని నడుపుతుంది. తెలంగాణ పల్లె దవాఖానాలకు 2022లో నియామకాలు చేసినప్పుడు ఎంబీబీఎస్, బీఏఎంఎస్ వారికి మొదటి ప్రాధాన్యం ఇచ్చి, వారు దొరకనిచోట అర్హత ఉన్న నర్సులను తీసుకునే పద్ధతి పెట్టింది. బీపీ, షుగర్ రోగులకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు నిర్ణయించిన మందులను నెలనెలా కొనసాగించడం, తేడా కనబడితే టెలిమెడిసిన్‌లో డాక్టరును కలపడం నర్సుగా వచ్చినవారి పరిధిలోవి. కొత్తగా మందు మొదలుపెట్టడం, మార్చడం డాక్టరువి. జాతీయ వైద్య కమిషన్ చట్టం, 2019లోని 32వ సెక్షన్ ప్రాథమిక చికిత్సలో పరిమిత లైసెన్సుతో మందులు రాయగల కమ్యూనిటీ హెల్త్ ప్రొవైడర్లకు చోటు కల్పించింది. పని చేస్తున్న నర్సు దాన్నే తన అధికారంగా అనుకోకూడదు. లైసెన్సు చేతికి వస్తేనే ఆ అధికారం.

ఇతర దేశాల్లో, రాష్ట్రాల సరిహద్దులో

ఈ హద్దులు దేశాన్నిబట్టి కూడా మారుతాయి. 1965లో అమెరికాలోని కొలరాడోలో లొరెట్టా ఫోర్డ్, హెన్రీ సిల్వర్ కలిసి నర్స్ ప్రాక్టీషనర్ శిక్షణ మొదలుపెట్టారు. ఇంగ్లండ్‌లో 2006 నుంచి ప్రత్యేక అర్హత పొందిన నర్సులు తమ సామర్థ్యం మేరకు దాదాపు అన్ని మందులూ రాయగలుగుతున్నారు. జర్మనీలో దీనికి భిన్నంగా, నరానికి సూది పెట్టడం సంప్రదాయంగా డాక్టరు పని, అప్పగిస్తేనే నర్సు చేస్తుంది. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా జర్మనీకి వెళ్లే నర్సు ఇక్కడ రోజుకు ఇరవైసార్లు చేసిన పనికి అక్కడ అనుమతి అడగవలసి రావచ్చు. అదే నర్సు ఇంగ్లండ్ వెళ్లి పై చదువు చదివితే, ఇక్కడ ఊహించలేని పని అక్కడ ఆమె సొంతమవుతుంది.

కోదాడకు ఇలాంటి సరిహద్దు చాలా దగ్గరలోనే ఉంది. రహదారి మీద కాస్త ముందుకు వెళ్తే ఆంధ్రప్రదేశ్‌లోని జగ్గయ్యపేట. అటునుంచి ఇటు, ఇటునుంచి అటు ఉద్యోగాలకు వెళ్లే నర్సులున్నారు. 2014 జూన్ 2కు ముందు ఉమ్మడి రాష్ట్రంలో రిజిస్టరైనవారూ ఉన్నారు. ఒక రాష్ట్రపు నమోదు ఆధారంగా మరో రాష్ట్రం ఇచ్చే రెసిప్రోకల్ రిజిస్ట్రేషన్‌ను పనిచేసే రాష్ట్రం కౌన్సిల్‌లో చేయించుకోవాలి, గడువు తీరకముందే పునరుద్ధరించుకోవాలి. యాజమాన్యం నియామకపు రోజునే ఆ పత్రం చూసి, నకలు ఫైలులో ఉంచి, గడువు తేదీని రిజిస్టరులో రాసుకోవాలి.